ఎంత చెట్టుకు అంత గాలేనా?

మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక మూల నా రాజ్యం. ఒక పాత బల్ల, ఒక సోల్డరింగ్ ఐరన్, రెండు మల్టీమీటర్లు, ఎవరో వద్దనుకుంటే నేను మోసుకొచ్చిన వాల్వ్ రేడియోలు, ఆంప్లిఫయర్లు. పగలంతా కంటికి కనిపించని సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టేవాడికి, చేత్తో పట్టుకుంటే వేడిగా తగిలే వస్తువు ఒకటి ఉండాలనిపిస్తుంది. మా ఆవిడ దీనికి "మామయ్యగారి కొట్టు, అమెరికా బ్రాంచి" అని పేరు పెట్టింది. వేళాకోళానికే అన్నా ఆ మాటలో అబద్ధం లేదు.

మా నాన్న తెనాలిలో మైకుసెట్టు కొట్టు నడిపేవాడు. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ, ఎన్నికల సభలకీ అద్దెకిచ్చేవాడు. ట్రాన్సిస్టర్లు వచ్చి చాలా కాలమైనా, రెండు వాల్వ్ ఆంప్లిఫయర్లని మాత్రం వదలలేదు. వాటిని విప్పినప్పుడల్లా మా ఇద్దరికీ, అంటే అక్కకీ నాకూ, ఒకటే పాఠం. "కుడిచెయ్యి లోపల ఉన్నప్పుడు ఎడంచెయ్యి వీపు మీద ఉండాలి. స్విచ్చి తీసేసినా కండెన్సర్ని నమ్మకూడదు." రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోతుందని ఆయన భయం. సరైన భయమే. నేను ఎమ్మెస్ చదివి కెపాసిటర్ అనడం నేర్చుకున్నాను గాని, చేతికి తెలిసిన పాఠం కండెన్సర్‌దే.

నాలుగేళ్ళ క్రితం, ఒక పెద్దాయన పోయాక ఆయన పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మేస్తుంటే, ఒక పాత ఫెండర్ ట్విన్ రివర్బ్ దొరికింది. 1960లలో పుట్టిన గిటారు ఆంప్లిఫయర్. ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. పాడుతోంది గాని, కింద సన్నగా గుంయ్‌మని ఒక మోత. వెనక పలక విప్పి, ఎడంచెయ్యి వీపు మీద పెట్టుకుని, కొలతలు మొదలుపెట్టాను.

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. గోడలోంచి వచ్చే కరెంటు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని ఒకే దిక్కుకి తిప్పినా, తెరలు తెరలుగానే వస్తుంది; అమెరికాలో సెకనుకి 120 తెరలు, మన దగ్గర 100. ఆ తెరల్ని నునుపు చేసి వాల్వులకి నిలకడగా అందించేది ఫిల్టర్ కెపాసిటర్. కుళాయి వచ్చినప్పుడు నింపుకుని, రానప్పుడు ఇచ్చే ఇంటిమీది ట్యాంకు లాంటిదన్నమాట. ఈ ఆంప్లిఫయర్లో ఆ హైటెన్షన్ 460 వోల్టుల దాకా ఉంటుంది. వాల్వులు ఇంకా వేడెక్కక ముందు, వాడకం లేనప్పుడు, ఇంకా పైకి పోతుంది. పైగా అప్పట్లో 117 వోల్టులకి లెక్కవేసి కట్టినదానికి ఇప్పుడు గోడలోంచి 120, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వస్తుంది. అంత ఒత్తిడిని ఒంటరిగా తట్టుకునే పెద్ద ఎలక్ట్రొలైటిక్ కెపాసిటర్ దొరకడం కష్టం. అందుకని 350 వోల్టులు ఓర్చుకునేవి రెండు తీసుకుని, ఒకదాని కాళ్ళకి ఇంకోదాని తల ఆనించినట్టు సిరీస్‌లో కడతారు. ఇద్దరూ కలిసి 700 దాకా ఓర్చుకుంటారు. దానికి చెల్లించే ధర ఏమిటంటే పట్టే శక్తి సగమవుతుంది. 70 మైక్రోఫారడ్‌లవి రెండు కలిసి 35 మాత్రమే. అదే పక్కపక్కన, పారలల్‌గా కడితే పట్టే శక్తి 140 అవుతుంది, ఓర్పు మాత్రం 350 దగ్గరే ఆగిపోతుంది.

ఈ తేడా గుర్తుంచుకోండి. పక్కపక్కన నిలబడితే సామర్థ్యం పెరుగుతుంది. ఒకరి మీద ఒకరు ఆధారపడితే ఓర్పు పెరుగుతుంది. రెండూ ఒకటి కాదు.

రెండూ ఒకే రకం కాబట్టి 460 వోల్టులు చెరి సగం, 230, 230 పంచుకోవాలి. మీటరు పెట్టి చూస్తే పైదాని మీద 283, కిందిదాని మీద 177. పైది చెడిపోయిందని నిమిషంలో తేల్చేశాను. ఎక్కువ వేడి మీద ఉన్నదే రోగిష్టిది కదా! ఊడదీసి బల్ల మీద పెట్టి, రెండింటి లీకేజి కొలిచాను. నా తీర్పు తలకిందులైంది. 283 వోల్టులు మోస్తున్నది బాగానే ఉంది. చెడిపోయింది 177 దగ్గర హాయిగా కూర్చున్నది.

కారణం తెలిస్తే చాలా మామూలు విషయం. ఏ ఎలక్ట్రొలైటిక్ కెపాసిటరూ పూర్తిగా బిగువు కాదు, ప్రతిదీ అంతో ఇంతో కారుతుంది. సిరీస్‌లో ఉన్నాయి కాబట్టి రెండింటిలోంచీ పారే కరెంటు ఒకటే. ఎక్కువ కారేది తన ఒత్తిడిని తన మీద నిలవనివ్వదు. అది వదిలించుకున్నదంతా, కారని దాని నెత్తిన పడుతుంది. అంటే దీర్ఘకాలంలో, గట్టిగా ఉన్నదానికే శిక్ష.

ఇది నెమ్మదిగా జరిగే పంపకం. స్విచ్చి వేసిన క్షణంలో జరిగే పంపకానికి ఇంకో సూత్రం. అప్పుడు రెండింటిలోకీ ఒకే పరిమాణంలో చార్జి చేరుతుంది కాబట్టి, చిన్నదాని మట్టం ఎక్కువ పైకి లేస్తుంది. సన్నటి గ్లాసులో, వెడల్పాటి గిన్నెలో చెరొక సోలెడు నీళ్ళు పోసి చూడండి. అంటే హఠాత్తుగా వచ్చిన కష్టంలో, పట్టే శక్తి తక్కువ ఉన్నవాడి మీదే ఎక్కువ ఒత్తిడి.

మనకి ఒక సామెత ఉంది, ఎంత చెట్టుకు అంత గాలి అని. పెద్దవాళ్ళకి పెద్ద కష్టాలు, చిన్నవాళ్ళకి చిన్న కష్టాలు, ప్రకృతే ఎవరి కొలత వాళ్ళకి కోసి పెడుతుందని దాని ఓదార్పు. ఆ రాత్రి నా బల్ల మీద ఉన్న ప్రకృతి అలా చెయ్యడం లేదు. ఉపద్రవం వస్తే చిన్న చెట్టుకి పెద్ద గాలి. ఉపద్రవం ఏళ్ళ తరబడి సాగితే, వంగని చెట్టుకి పెద్ద గాలి.

ఇంతకీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆంప్లిఫయర్ కాదు.

మా నాన్నకి మతిమరుపు జబ్బు మొదలై అప్పటికి కొన్నేళ్ళు. అమ్మ లేదు. అక్క దగ్గరే ఉంటాడు, తెనాలిలోనే. బావ ఉద్యోగం ఒంగోల్లో, శని ఆదివారాలు వచ్చి వెళ్తాడు. నేను ప్రతి నెలా ఒకటో తారీఖున డబ్బు పంపిస్తాను. పగలు చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టించాను. మందులు, డాక్టర్లు, ఇన్వర్టర్, బాత్‌రూంలో పట్టుకోవడానికి కడ్డీలు, ఏ ఖర్చుకీ వెనకాడలేదు. మా చుట్టాలందరూ నన్ను మెచ్చుకుంటారు. అక్క గురించి మాత్రం, "చేస్తోందిలే గాని, ఈమధ్య నోరు పెరిగింది. ప్రతిదానికీ కస్సుమంటుంది" అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ణి. ఫోను చేస్తే ముందు పది నిమిషాలు విసుర్లు. నా స్నేహితులతో, "మా అక్క మంచిదే గాని కొంచెం హైవోల్టేజి" అని నవ్వుతూ చెప్పిన రోజులు కూడా ఉన్నాయి.

హైవోల్టేజి. ఎక్కువ వోల్టేజి చూపిస్తున్నదే చెడిపోయిందని నిమిషంలో తీర్పు చెప్పిన ఇంజినీరుని నేనే కదా.

2020 మార్చి చివర్లో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. పగలొచ్చే మనిషి రావడం మానేసింది. బావ ఒంగోల్లో ఇరుక్కుపోయాడు. నేను మాత్రం ఇక్కడ కూర్చుని, డబ్బు రెట్టింపు చేసి పంపాను. అక్క ఒక్కతే ఆ ఇంట్లో, నాన్నతో, వారాల తరబడి. నేను పంపే డబ్బు పక్కన చేర్చిన కెపాసిటర్ లాంటిది. ఇంటి సామర్థ్యాన్ని పెంచింది. ఓర్పుని ఒక్క వోల్టు కూడా పెంచలేదు. సిరీస్‌లో ఒకటి షార్ట్ అయితే దాని వాటా ఎక్కడికీ పోదు. మొత్తం 460 రెండోదాని మీద పడుతుంది. రెండోదేమో 350కి పుట్టింది.

భారాన్ని ఎలా పంచుకుంటే న్యాయం? ఈ ప్రశ్న పాతదే. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం ఐదో భాగంలో, న్యాయమైన పంపకమంటే అందరికీ ఒకే ముక్క కాదు, ఎవరికి తగ్గ నిష్పత్తిలో వాళ్ళకి అన్నాడు. మా తాతయ్యకి అరిస్టాటిల్ తెలియదు గాని, ఒక ఎద్దు బలంగా, ఒకటి బలహీనంగా ఉంటే, కాడికి నొగ కట్టే చోటుని బలమైన ఎద్దు వైపు కాస్త జరిపేవాడు. అప్పుడు బరువు బలమున్న మెడ మీద ఎక్కువ పడుతుంది. అదీ నిష్పత్తే. జాన్ రాల్స్ 1971లో రాసిన పుస్తకంలో ఇంకో దారి చెప్పాడు. లోకంలో నీ స్థానం ఏదో నీకు తెలియనప్పుడు, ఏ నియమాలకి ఒప్పుకుంటావో అవే న్యాయమైనవని. మా ఇంటికి దాన్ని అన్వయించి చూసుకున్నాను. వీసా ఎవరికి వస్తుందో, తెనాలిలో ఎవరు మిగులుతారో తెలియక ముందు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, "ఒకరు డబ్బు పంపిస్తారు, ఒకరు రాత్రుళ్ళు మేలుకుంటారు. సమానమేనా?" అని అడిగి ఉంటే నేను సంతకం పెట్టేవాణ్ణా? పెట్టను. చీటీలో నాకు ఏది వస్తుందో తెలిశాకే, అది సమానమని నాకు అనిపించింది.

మన దేశంలో తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. అందులో కొడుకులూ కూతుళ్ళూ ఇద్దరూ బాధ్యులే. ట్రిబ్యునల్ నెలకి ఇంత భత్యమని ఆదేశించవచ్చు. చట్టంలో రాసిన గరిష్ఠ పరిమితి రూ. 10,000. దాన్ని తప్పుపట్టడం లేదు, ఆ మాత్రం కూడా దక్కని తల్లిదండ్రులున్నారు. కాని చట్టం కొలవగలిగింది డబ్బునే. ఆ కొలత ప్రకారం నేను ఎప్పుడూ బాకీ లేను. బాకీ లేకపోవడానికీ, భారం మోయడానికీ తేడా ఉందని నాకు ఏ కాగితమూ చెప్పలేదు.

మళ్ళీ ఆంప్లిఫయర్ దగ్గరికి వస్తాను. అసలు దాన్ని కట్టినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఆ సర్క్యూట్లో ప్రతి కెపాసిటర్‌కీ పక్కన 220 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉంటుంది. రెండూ ఒకే విలువ కాబట్టి ఒత్తిడిని చెరి సగం చేసి పట్టుకుంటాయి. వాటిలోంచి పారేది సుమారు ఒక మిల్లీఆంపియర్. కెపాసిటర్లు కారే దానికన్నా ఇది బాగా ఎక్కువ ఉండాలి, అప్పుడే రెసిస్టర్ల మాట చెల్లుతుంది. నాకు దొరికిన పెట్టెలో అవి లేవు. మునుపెప్పుడో ఎవరో మరమ్మత్తు చేస్తూ కత్తిరించేసి, కొత్తవి పెట్టలేదు. ఆయన ఆలోచన నాకు అర్థమవుతుంది. అవి లేకపోయినా ఆంప్లిఫయర్ పాడుతుంది. శబ్దానికి అవి చేసేదేమీ కనిపించదు. రాత్రీ పగలూ రెండూ కలిసి అర వాటు కరెంటుని ఉత్తినే వేడి చేసి వదిలేస్తాయి. దండగ.

ఆ దండగే పంపకంలోని న్యాయం. న్యాయం దానంతట అది ఏర్పడదు. వదిలేస్తే, పంపకం కారేవాడి సౌకర్యాన్ని బట్టి జరిగిపోతుంది. దాన్ని సమానంగా నిలపడానికి ఎవరో, ఎప్పుడూ, ఏ గొడవా లేని రోజున కూడా, కొంత ఖర్చు పెడుతూనే ఉండాలి.

కొందరు ఇంజినీర్లు ఆ రెసిస్టర్లు లేకపోయినా ఫరవాలేదంటారు. వాళ్ళ వాదనలోనూ నిజం ఉంది. ఒత్తిడి హద్దుకి దగ్గరపడే కొద్దీ గట్టి కెపాసిటర్ కూడా ఎక్కువ కారడం మొదలుపెడుతుంది. అందువల్ల పంపకం కొంత దానంతట అదే సర్దుకుంటుంది. ఈ మాట చదివినప్పుడు నాకు భయం వేసింది. చాలా ఇళ్ళల్లో జరిగే సర్దుబాటు ఇదే కదా. మోసేవాడు మొయ్యలేక చివరికి కారడం మొదలుపెడతాడు. అప్పుడు, "చూశావా, ఆవిడా అంతే" అంటాం. సమానత్వం వచ్చేసింది, అందరూ చెడిపోవడం వల్ల.

ఇదంతా అక్కకి చెప్పాను. ఎంతో ఉత్సాహంగా, ఫోన్లో, అరగంట. పైదీ కిందిదీ, కారేదీ కారనిదీ, అన్నీ. మైకుసెట్టు కొట్టులో పెరిగింది కాబట్టి అర్థం కాకపోవడమేమీ లేదు. అంతా విని అంది: "బాగుంది గాని, రాత్రి రెండింటికి నాన్న లేస్తాడు. పెళ్ళివారు పందిట్లో ఎదురు చూస్తున్నారు, సెట్టు తీసుకెళ్ళాలని గేటు తాళం లాగుతుంటాడు. అప్పుడు లేచి వెళ్ళేది ఒక్క మనిషేరా. అందులో సగం నాకెలా పంచుతావు?"

నా దగ్గర జవాబు లేదు. వోల్టుని ముక్కలు చెయ్యవచ్చు. రాత్రి రెండు గంటలని చెయ్యలేం. మనుషులు కెపాసిటర్లు కారనే సంగతి నాకు తెలియక కాదు. పోలిక అందంగా కుదిరితే, సమస్య పరిష్కారమైపోయినట్టు మనసు విశ్రాంతి తీసేసుకుంటుంది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఈ జబ్బు మరీ ఎక్కువ. బొమ్మ గీస్తే పని అయిపోయినట్టే.

ముక్కలు చెయ్యలేనిదాన్ని వంతులు వేసుకోవడం ఒక్కటే దారి. ఈవా ఫెడర్ కిట్టే అనే తత్త్వవేత్త 1999లో రాసిన పుస్తకంలో, ఇతరుల మీద పూర్తిగా ఆధారపడినవాళ్ళని చూసుకునే మనిషి, ఆ పని వల్లే తానూ ఆధారం కావలసిన మనిషవుతుందని అంటుంది. ఆవిణ్ణి నిలబెట్టడం మిగతావాళ్ళ బాధ్యత. అక్క అడిగినదీ అదే, ఒక్క వాక్యంలో.

ఆ ఏడు డిసెంబరులో ఐదు వారాలు సెలవు పెట్టి ఒక్కణ్ణే వెళ్ళాను. అక్కని బెంగుళూరులో మేనకోడలి దగ్గరికి పంపించాను. నెల రోజులదాకా తిరిగి రావద్దన్నాను. మొదటి మూడు రాత్రులు నేనే గొప్ప కొడుకుని. నాన్న గేటు దగ్గరికి వెళ్తే, భుజం మీద చెయ్యి వేసి, "పెళ్ళి రేపటికి మారింది నాన్నా" అని చెప్పి తీసుకొచ్చాను. ఎనిమిదో రాత్రికి ఆ కథ చెప్పే ఓపిక పోయింది. తొమ్మిదో రాత్రి మూడోసారి లేచినప్పుడు, "పెళ్ళీ లేదు, సెట్టూ లేదు, కొట్టు ఎప్పుడో అమ్మేశాం, పడుకో!" అని అరిచాను. వీధిలో కుక్కలు లేచాయి. నాన్న నా వంక చూసి, "మీరెవరండీ?" అని మర్యాదగా అడిగాడు.

తొమ్మిది రాత్రులు. అక్క అప్పటికి ఎన్ని వందల రాత్రులు గడిపిందో లెక్క కట్టలేదు. నా మీద 460 పడితే నేను ఎంతసేపు నిలబడతానో నాకు తెలిసింది.

బెంగుళూరు నుంచి అక్క మొదటి వారం ప్రతి రాత్రీ రెండింటికి ఫోను చేసేది. "లేచాడా?" అని. పడుకోవే అంటే, మెలకువ వచ్చేస్తోందిరా అనేది. దానికి కూడా నాన్న కొట్టులో ఒక పాఠం ఉంది. స్విచ్చి తీసేసినా కండెన్సర్లో చార్జి ఉంటుంది. ఆ రెసిస్టర్ల రెండో పని దాన్ని మెల్లగా ఖాళీ చెయ్యడం. 220 కిలోఓమ్‌లవైతే ఒకటిన్నర, రెండు నిమిషాలు పడుతుంది. అవి లేకపోతే, వాల్వులు చల్లారిన పెట్టెలో గంటల తరబడి కూడా నిలిచి ఉండవచ్చు. మోయడం ఆపిన మనిషిలోనూ మోత కొన్నాళ్ళు ఉంటుంది. దాన్ని ఖాళీ చేసుకోవడానికి వ్యవధి ఇవ్వకుండా, "విశ్రాంతి ఇచ్చాం కదా, ఇంకా విసుగెందుకు?" అనడం అన్యాయం. అక్క నెల రోజులుండలేదు. పందొమ్మిదో రోజున వచ్చేసింది. కాని చివరి వారం రాత్రుళ్ళు ఫోను రాలేదు. నేను తిరిగి బయల్దేరే దాకా గేటు దగ్గరికి వెళ్ళే పని నాదే, అక్క పక్క గదిలో పడుకుంది.

ఇప్పుడు ఏటా వెళ్తున్నాను. మాది సమానమైన పంపకమని చెప్పలేను. యాభై రెండు వారాల్లో ఐదు నావి. ఇది న్యాయం కాదు, అన్యాయాన్ని కొంచెం సవరించడం మాత్రమే. ఉద్యోగం మానేసి వెళ్ళిపోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతున్నాను. పిల్లల చదువులు, ఇంటి అప్పు అని జవాబు చెప్పుకుంటున్నాను. ఆ జవాబుల్లో ఎంత నిజమో, ఎంత లీకేజో కొలిచే మీటరు నా దగ్గర లేదు. ఒకటి మాత్రం మానేశాను. ఎవరైనా అక్కకి కోపం ఎక్కువంటే నవ్వి ఊరుకోవడం లేదు. మీటరు ఎక్కడ ఎక్కువ చూపిస్తోందో, అక్కడ భారం ఉందని అర్థం, లోపం ఉందని కాదు అని చెబుతున్నాను.

ఆంప్లిఫయర్‌కి రెండూ కొత్త కెపాసిటర్లే వేశాను, ఒకే పెట్టెలోంచి తీసినవి. పక్కన 220 కిలోఓమ్‌ల రెసిస్టర్లు కూడా. స్విచ్చి వేసి కొలిస్తే పైన 231, కింద 229. మోత పోయింది. రెసిస్టర్ల పక్కన వేలు పెడితే చాలా కొద్దిగా వెచ్చగా తగులుతుంది. వేలు పెట్టింది స్విచ్చి తీసి, రెండు నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా చూసుకున్నాకేనని నాన్న తరఫున మనవి. ఎడంచెయ్యి వీపు మీదే ఉంది.